వదిన కోసం రెడ్ లైట్ ప్యానెల్: కడుతూ రాసుకున్న లాగ్

శ్రావణం మొదట్లో

ముందు చేస్తున్నదేంటో చెప్పేస్తా. 24 ఎల్ఈడీల ప్యానెల్. అందులో 12 ఎర్రవి, 660 నానోమీటర్లవి (వెలుతురు అల పొడవుకి ఈ కొలత, రంగు దాన్ని బట్టే), ఇంకో 12 కంటికి దాదాపు కనపడని 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌వి. వెనకాల వేడిని లాగేసే అల్యూమినియం హీట్ సింకు, ఎల్ఈడీలకి సరిపడా కరెంటు ఇచ్చే రెండు డ్రైవర్లు, ఒక ఫ్యాను, ఒక టైమరు. వాడబోయేది మా వదిన. మొహానికి తగిలించుకునే ఎల్ఈడీ మాస్కులు రీల్స్‌లో చూసీ చూసీ "ఎర్ర బల్బులకి అన్ని వేలా, నువ్వే చేసియ్యరాదు" అంది, నా దగ్గర పాత యాంప్లిఫయర్‌లోంచి తీసిన పెద్ద హీట్ సింకు ఖాళీగా పడుంది, సరే అన్నా.

వదినకి ఉన్నవి దవడల మీద నెలనెలా వచ్చే మొటిమలు, అవి తగ్గాక మిగిలే ఎరుపు, కళ్ళ పక్కన మొదలైన సన్న గీతలు. వీటికి లైటు పనిచేస్తుందా అంటే ఊరికే పుట్టిన మాట కాదు, 2000లో ఇంగ్లండ్‌లో 107 మంది మొటిమల పేషెంట్ల మీద చేసిన ట్రయల్‌లో 415 నానోమీటర్ల నీలం, 660 ఎరుపు కలిపి రోజూ పావుగంట వాడితే 12 వారాలకి వాచిన మొటిమలు సగటున 76 శాతం మెరుగయ్యాయి, 2014లో జర్మనీ వాళ్ళు 136 మందితో చేసిన దాంట్లో గీతలు, గరుకుదనం తగ్గాయి. అలాగని అద్భుతాలేం లేవు, అన్నీ వారాల తరబడి వాడితే మెల్లగా వచ్చే మార్పులే. పూతమందులు, సన్‌స్క్రీన్ మానేసి దీన్నే నమ్ముకుంటానంటే చెయ్యనని ముందే చెప్పా.

ఇంకోటి కూడా ముందే అడిగా, ఇప్పుడు ఏం మందులు వేసుకుంటున్నావు అని. స్కిన్ డాక్టర్ రాసిన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నడుస్తోందట. అది వేసుకుంటున్నప్పుడు చర్మం వెలుతురుకి ఎక్కువ రియాక్ట్ అవుతుంది, మొటిమలకే ఇచ్చే ఐసోట్రెటినోయిన్‌తో కూడా ఇదే పేచీ. కాబట్టి కోర్సు అయిపోయి డాక్టర్ సరే అన్నాకే స్విచ్ వేసేది, ఈలోపు నాకు కట్టుకోడానికి కావాల్సినంత టైము.

శ్రావణంలోనే, కోఠి నుంచి వచ్చాక

గుజరాతీ గల్లీలో తిరిగి డ్రైవర్లు, థర్మల్ పేస్టు, వైర్లు తెచ్చా. ఎల్ఈడీలు మాత్రం ఆన్‌లైన్లో. అన్నిటి మీదా "3 వాట్" అని ఉంటుంది, ఈ 3 వాట్ అనేది నాకు పెద్ద కామెడీ. ఎర్ర ఎల్ఈడీ మీద పడే వోల్టేజీ 2.2 దగ్గర, కరెంటు 700 మిల్లీఆంపులు, గుణించుకోండి, 1.5 వాట్లు. 850ది ఇంకా తక్కువ, 1.6 వోల్టులు, అంటే 1.1 వాట్. వాటిని 3 వాట్ దాకా తోస్తే పొగొస్తుంది. ఈ లెక్కన నా 24 ఎల్ఈడీల ప్యానెల్‌ని డబ్బా మీద "72 వాట్స్" అని రాసి అమ్మొచ్చు, నిజంగా తాగేది 32. అందులో కూడా వెలుతురుగా బయటికొచ్చేది సగం లోపే, మిగతాదంతా వేడి.

డ్రైవర్ విషయంలో మాత్రం పిసినారితనం పెట్టుకోలేదు. చవగ్గా దొరికేవి నాన్ ఐసొలేటెడ్ డ్రైవర్లు, వాటిల్లో ఎల్ఈడీ వైపు వైర్లకి కూడా మెయిన్స్‌తో డైరెక్ట్ కనెక్షన్ ఉంటుంది. మొహం ఇంత దూరంలో పెట్టుకునే వస్తువు, పైగా మొహం కడుక్కుని తడిచేత్తో వచ్చి ముట్టుకుంటారు, కాబట్టి ఐసొలేటెడ్ కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్లే, ఎరుపుకొకటి ఇన్‌ఫ్రారెడ్‌కొకటి. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి అల్యూమినియం బాడీని ఎర్త్ చేశా.

వినాయక చవితి ముందు

ఎల్ఈడీలు వచ్చాయి. రెండు చోట్ల కొన్నా, ఎందుకంటే దీంట్లో మోసం ఎక్కువని విన్నా. వెలిగించి పక్కపక్కన పెడితేనే అర్థమైపోయింది, ఒక బ్యాచ్ ముదురు ఎరుపు, ఇంకోటి కాస్త నారింజ వైపు. కన్ను చెప్తోంది కానీ కన్నుని పట్టుకుని సెల్లర్‌తో గొడవపడలేం కదా.

చేసిన టెస్ట్ ఇది, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. పాత సీడీ తీసుకుని లేబుల్ వైపు పూత మొత్తం టేపుతో పీకేస్తే పారదర్శకమైన ముక్క మిగులుతుంది, దాని గాడుల మధ్య దూరం 1.6 మైక్రాన్లు, అదే మన గ్రేటింగు, అంటే వెలుతురుని రంగులుగా విడగొట్టేది. అట్టకి బ్లేడుతో సన్నటి చీలిక, దాని వెనక బటర్ పేపరు. ఫోన్ కెమెరా ముందు సీడీ ముక్క అతికించి స్టాండు మీద కదలకుండా పెట్టా. ముందు చీలిక వెనక నుంచి ప్రెజెంటేషన్లలో వాడే ఎర్ర లేజర్ పాయింటర్ కొట్టి ఫోటో, అది సుమారు 650. తర్వాత అదే చీలిక వెనక ఒక్కో ఎల్ఈడీ. ఫోటోలు ఒకదాని కింద ఒకటి పెడితే మొదటి బ్యాచ్ గీత లేజర్ గీత దాటి బయటికి, రెండోది లోపలికి (అల పొడవు ఎక్కువైతే గీత బయటికి జరుగుతుంది). అంటే రెండోది 630 చుట్టుపక్కలది, 660 అని అమ్మారు. ఫోటోలు పంపాక డబ్బులు వెనక్కిచ్చారు, సరుకు వద్దన్నారు.

630 పనికిరానిదేం కాదు, క్లినిక్ స్టడీలు చాలావరకు 633తోనే చేశారు. నాకు కావాల్సింది ఏ వెలుతురు ఎంత పడుతోందో తెలిసుండడం, అందుకే కలిపెయ్యకుండా పక్కన పెట్టా.

నిమజ్జనం సెలవు రోజు

బయట డీజేలు, లోపల సోల్డరింగు. ఎర్రవి 12 వరసగా ఒక స్ట్రింగు, ఇన్‌ఫ్రారెడ్ 12 ఒక స్ట్రింగు, చదరంగం గళ్ళ లాగా ఒకటి విడిచి ఒకటి. ఒక్కోదాని మీద 60 డిగ్రీల లెన్సు. వెలిగించగానే అన్న వచ్చి "సగం వెలగట్లేదు" అన్నాడు, 850 అంటే అంతే, చీకట్లో దగ్గరికెళ్ళి చూస్తే మసక ఎరుపు చుక్క కనపడుతుంది, ఫోన్ కెమెరాలో చూపించాక నమ్మాడు.

అసలు తలనొప్పి వేడి. ఎర్ర ఎల్ఈడీ చిప్పు వేడెక్కితే వెలుతురు తగ్గిపోతుంది, నీలం, తెలుపు వాటికంటే దీనికి ఈ జబ్బు ఎక్కువ. ఫ్యాన్ లేకుండా వదిలేసి ముందు ఒక ఫోటోడయోడ్ (వెలుతురు పడితే కరెంటు పుట్టించే ముక్క) పెట్టి చూస్తే మొదట్లో 38 మిల్లీవోల్టులు ఉన్న రీడింగు కాసేపట్లో 33కి దిగింది. పాత కంప్యూటర్ క్యాబినెట్ ఫ్యాను తగిలించాక 37 దగ్గర నిలబడింది, హీట్ సింకు 45 డిగ్రీలు దాటట్లేదు. ఫ్యాను చప్పుడు గురించి వదిన కంప్లైంట్ చేస్తుంది, చెయ్యనీ.

లైటు వైద్యంలో వేడిని పక్కకి తప్పించడం మొదట్నుంచీ ఉన్న గొడవే. డెన్మార్క్ డాక్టరు నీల్స్ ఫిన్సెన్ చర్మానికొచ్చే టీబీ, లూపస్ వల్గారిస్ అంటారు, దాన్ని కార్బన్ ఆర్క్ దీపాల వెలుతురు లెన్సులతో ఒకచోటికి చేర్చి తగ్గించేవాడు, ఆర్క్ దీపం అంటే మాడ్చేస్తుంది కాబట్టి దారిలో నీళ్ళు నింపిన గొట్టాలు పెట్టి వేడిని లాగేసేవాడు. 1903లో నోబెల్ వచ్చింది, మరుసటి ఏడాదే చనిపోయాడు, 43 ఏళ్ళకే. ఆయన నీళ్ళు పెట్టాడు, నాకు క్యాబినెట్ ఫ్యాను చాలు, ఎల్ఈడీలో ఉన్న సుఖం అదే, వేడి వెనక్కి పోతుంది, వెలుతురు ముందుకి.

బతుకమ్మ రోజుల్లో, కొలతలు

నా లెక్కలో మొత్తం ప్రాజెక్టు ఇదే. వాట్లు, ఎల్ఈడీల సంఖ్య కాదు, చర్మం మీద ఒక చదరపు సెంటీమీటరుకి ఎన్ని మిల్లీవాట్లు పడుతున్నాయి అన్నదే అసలు ప్రశ్న. దాన్ని సెకన్లతో గుణించి వెయ్యితో భాగిస్తే డోసు, జౌల్స్‌లో. ఇది తెలీకుండా "రోజూ పది నిమిషాలు" అని చెప్పడం, ఎంత బలం ట్యాబ్లెట్టో చెప్పకుండా రోజుకొకటి వేసుకో అన్నట్టు ఉంటుంది.

లక్స్ మీటరు ఇక్కడ పనికిరాదు, అది మన కంటికి కనపడే ప్రకాశాన్ని కొలిచే మీటరు, 660 దగ్గర కంటి సెన్సిటివిటీ పచ్చరంగుతో పోలిస్తే 6 శాతమే, 850 దగ్గర సున్నా అనుకోవచ్చు. రూఫ్‌టాప్ సోలార్ పనులు చేసే ఫ్రెండు దగ్గర్నుంచి సోలార్ పవర్ మీటరు తెచ్చా. ప్యానెల్ నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో, మధ్యలో, 40 మిల్లీవాట్లు అని చూపించింది. వినడానికి బాగుంది, కానీ ఆ మీటర్లో ఉన్నది సిలికాన్ సెన్సరు, దాన్ని సెట్ చేసింది ఎండకి. ఎండలో సిలికాన్ సరిగ్గా పట్టుకోలేని అల్ట్రావయొలెట్, దూరపు ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉంటాయి కాబట్టి వాటి వాటా కూడా కలిపి చూపించేలా స్కేలు గీస్తారు. సిలికాన్‌కి బాగా ఇష్టమైన ఎరుపు, 850 మాత్రమే ఇస్తే అదే స్కేలు మీద ఉన్నదానికంటే బాగా ఎక్కువ చూపిస్తుంది. ఆన్‌లైన్లో ప్యానెల్ అమ్మేవాళ్ళు వీడియోల్లో చూపించే మీటరు చాలాసార్లు ఇదే.

అందుకని బీపీడబ్ల్యూ 34 ఫోటోడయోడ్. చిన్న చదరపు ముక్క, వెలుతురు పట్టే జాగా 7.5 చదరపు మిల్లీమీటర్లు, డేటాషీట్ ఉంది, ఏ నానోమీటరు దగ్గర ఎంత స్పందిస్తుందో గ్రాఫ్ ఉంది. 100 ఓమ్ రెసిస్టరు అడ్డంగా పెట్టి మల్టీమీటర్‌తో మిల్లీవోల్టులు చదవడమే. గ్రాఫ్ ప్రకారం చదరపు సెంటీమీటరుకి ఒక మిల్లీవాట్ పడితే 660 దగ్గర సుమారు 35 మైక్రోఆంపులు, 850 దగ్గర సుమారు 45. రెండూ వేరు కాబట్టి రెండు స్ట్రింగులూ విడివిడిగా వెలిగించి కొలవాలి. 15 సెంటీమీటర్ల దగ్గర ఎరుపు 11, ఇన్‌ఫ్రారెడ్ 9. మొత్తం 20. సోలార్ మీటరు చెప్పినదాంట్లో సగం!

30 సెంటీమీటర్లకి జరిపితే మొత్తం 10 లోపే. అంచుల్లో ఇంకా తక్కువ, అంటే ముక్కు మీద పడినంత చెవుల దగ్గర పడదు. ల్యాబ్ పరికరం ముందు నా డయోడు ఎంత, ఓ పది పదిహేను శాతం అటూ ఇటూ ఉంటుంది, కానీ సగానికి సగం తేడా అయితే రాదు.

దసరా అయ్యాక, డోసు దగ్గర ఆగిపోయా

20 మిల్లీవాట్లు పది నిమిషాలు అంటే 12 జౌల్స్. ఇది తక్కువా ఎక్కువా? ఆ 2014 జర్మనీ ట్రయల్లో ఒక్కో సిట్టింగుకి దాదాపు 9 జౌల్స్, వారానికి రెండు సార్లు, మొత్తం 30 సిట్టింగులు. ఇంకో పక్క 2005లో వచ్చిన స్టడీలో 633 నానోమీటర్లవి 126 జౌల్స్, 830వి 66. ఇద్దరూ గీతలు తగ్గాయనే రాశారు. పది రెట్లకి పైగా తేడా ఉన్న రెండు డోసులకీ ఫలితం వచ్చిందంటే సరైన డోసు ఇదీ అని ఒక్క అంకె పట్టుకుని కొట్లాడుకోవడం దండగ. నా ప్యానెల్‌తో ఎరుపు 126 జౌల్స్ ఇవ్వాలంటే వదిన మూడు గంటల పైన దాని ముందు కూర్చోవాలి, సీరియల్ అయితే కూర్చుంటుందేమో.

ఎక్కువైతే ఏమవుతుంది? ఇక్కడే మనకి సంబంధించిన పాయింటు. 2020లో అమెరికాలో ఎర్ర ఎల్ఈడీ సేఫ్టీ మీద రెండు ట్రయల్స్ ఫలితాలు వేశారు, తెల్లవాళ్ళు 480 జౌల్స్ దాకా తట్టుకున్నారు, రంగు ఉన్న చర్మం వాళ్ళకి హద్దు 320 దగ్గరే తేలింది. నేనిచ్చే 12 దానికి ఎక్కడో దూరంగా ఉంది కాబట్టి ఆ భయం లేదు, కానీ ఇలాంటి స్టడీలు ఎక్కువగా తెల్ల చర్మాల మీద జరుగుతాయి, ఆ డోసులు యథాతథంగా దించేసుకుంటే కుదరదని దీంతో నాకు గట్టిగా పడింది.

పది నిమిషాలకి ఆఫ్ అయ్యే టైమరు పెట్టేశా, మళ్ళీ నొక్కితే రెండు గంటల దాకా ఆన్ అవ్వదు. వదిన సంగతి నాకు తెలుసు, మంచిదంటే రెట్టింపు చేస్తుంది.

దీపావళి వారం, నీలం గొడవ

"మాస్కుల్లో ఏడు రంగులుంటయి, నువ్వు ఒక్క ఎరుపే పెట్టినవ్, నీలం లేకుంటే మొటిమలెట్ల పోతయ్" అని వదిన పేచీ. ఆమె మాట్లాడేది తప్పు కాదు. మొటిమల్లో ఉండే బ్యాక్టీరియా పోర్ఫిరిన్లు అనే పదార్థం తయారుచేస్తుంది, అవి 415 నానోమీటర్ల దగ్గర నీలాన్ని బాగా పీల్చుకుని రియాక్టివ్ ఆక్సిజన్ వదులుతాయి, బ్యాక్టీరియా తనలో ఉన్న సరుకుతోనే చస్తుంది. 2000 నాటి ట్రయల్లో నీలం ఉన్నది అందుకే.

అయినా పెట్టను. మన రంగు చర్మాల్లో అదే 415 నీలం చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని రెచ్చగొడుతుంది, 2014లో ఫ్రాన్స్ వాళ్ళు 415నీ 630నీ పక్కపక్కన పెట్టి చూశారు, నీలం పడిన చోట నెలల పాటు పోని నలుపు వచ్చింది, ఎరుపు పడిన చోట రాలేదు. తెల్లగా ఉండేవాళ్ళకి మొటిమ పోతే కథ అయిపోతుంది, మనకి మొటిమ వారంలో పోతుంది, దాని మచ్చ ఆరు నెలలు కాపురం ఉంటుంది. వదిన ఏడుపంతా మచ్చల గురించే అయినప్పుడు మచ్చలు పెంచే వెలుతురు ఇంట్లో కూర్చోబెట్టి వెయ్యడమేంటి? క్లినిక్‌లో డాక్టర్ చూసి ఇస్తే అది వేరే సంగతి. పచ్చ, పసుపు, ఊదా అంటూ ఏడు రంగులు పెట్టేది రిమోట్‌కి బటన్లు కావాలని తప్ప నాకు ఇంకో కారణం కనపడలేదు.

కళ్ళ గురించి కూడా ఈ వారమే తేల్చేశా. 850 కంటికి కనపడదు కాబట్టి కనుపాప చిన్నదవ్వదు, రెప్ప వాలదు, లోపలికి మాత్రం పోతూనే ఉంటుంది. న్యూట్రోజీనా వాళ్ళ మొటిమల మాస్కు, ఎరుపూ నీలం ఉండేది, 2019లో కంటి భద్రత విషయంగానే మార్కెట్లోంచి వెనక్కి తీసుకున్నారు, ముందే కంటి జబ్బులున్నవాళ్ళకీ, వెలుతురుకి రియాక్షన్ పెంచే మందులు వాడేవాళ్ళకీ రిస్కని. వదినకి పూర్తిగా చీకటి చేసే చిన్న గాగుల్స్ కొన్నా, చూడ్డానికి స్విమ్మింగ్ పూల్‌కి బయల్దేరినట్టు ఉంటుంది.

కార్తీకం, వాడకం మొదలు

డాక్సీసైక్లిన్ కోర్సు అయిపోయింది, డాక్టరు గాగుల్స్ సంగతి అడిగి సరే అన్నారట. మొదట మోచేతి లోపల వైపు పెట్టి ఒక రోజు ఆగి చూశాం, ఏం లేదు. తర్వాత మొహం, మేకప్ లేకుండా, సన్‌స్క్రీన్ కడిగేసి. 15 సెంటీమీటర్ల దూరం తప్పకుండా నుదురు ఆనేలా ఒక కర్ర చట్రం బిగించా. చలికాలం పొద్దున్నే కదా, వదినకి ఆ గోరువెచ్చదనమే నచ్చేసింది.

పనిచేస్తోందో లేదో తెలియాలంటే సగం మొహానికే ఇవ్వాలి, రెండో సగం నల్లగుడ్డ కప్పాలి, ఇది నా ప్లాను. "సగం మెరిసి సగం గట్లనే ఉంటే పెండ్లిళ్ళకెట్ల పోవాలె" అని ఒక్క మాటతో కొట్టిపారేసింది. చివరికి రాజీ ఏంటంటే మొహం మొత్తానికి ఇవ్వడం, దాంతోపాటు కుడిచెయ్యి వెనక వైపు వెలుతురులో పెట్టడం, ఎడమచెయ్యి దుప్పట్లో. ఫోటోలు మాత్రం నా రూల్స్ ప్రకారం: రాత్రి, కిటికీ కర్టెన్ వేసి, అదే ట్యూబ్‌లైటు, అదే గోడ, ఫోన్ మాన్యువల్ మోడ్‌లో ఎక్స్‌పోజర్ లాక్ చేసి, బ్యూటీ మోడ్ ఆఫ్. ఆ చివరి దానికి ఒప్పించడం సోల్డరింగ్ కంటే కష్టం.

మధ్యలో వదిన నుంచి ఒక ఫోను, "మీసాలొస్తయా దీనితోని?" ఎవరో చెప్పారట. నవ్వొచ్చింది కానీ ఈ ప్రశ్నకి మూలం ఉంది. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు ఎలుకల వెంట్రుకలు గొరిగి ఎర్ర లేజర్ వేస్తే, వేసినవాటికి జుట్టు తొందరగా మొలిచింది, ఈ రంగం మొదలైందే అక్కడ. తర్వాత హెయిర్‌మ్యాక్స్ లేజర్ దువ్వెనకి 2007లో అమెరికా ఎఫ్‌డీఏ క్లియరెన్స్ ఇచ్చింది, బట్టతలకి. అంటే సన్నబడుతున్న జుట్టు కుదుళ్ళని ఎరుపు కదిలిస్తుంది, అంతమాత్రాన లేనిచోట మీసం మొలిపించదు. అయినా పైపెదవి క్లోజప్ కూడా ఫోటోల లిస్టులో చేర్చా, ఆమె మనశ్శాంతి కోసం.

పెద్దమ్మ వచ్చినప్పుడు

ప్యానెల్ చూసి "నాకూ పెట్టు బిడ్డా, ఈ మంగు పోతదేమో" అంది. పెద్దమ్మ బుగ్గల మీద మంగు చాలా ఏళ్ళ నుంచి ఉంది. పెట్టలేదు. మంగు ఎండకే కాదు వేడికి కూడా ముదురుతుంది, వంటింట్లో పొయ్యి ముందు నిలబడేవాళ్ళకి ఎక్కువవడం చూస్తూనే ఉంటాం, ఇన్‌ఫ్రారెడ్ ముందు కూర్చోబెట్టే ధైర్యం నాకు లేదు. బదులుగా ఐరన్ ఆక్సైడ్ కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్ తెచ్చిచ్చా, మామూలు సన్‌స్క్రీన్ కనపడే వెలుతురుని ఆపలేదు, ఆ గోధుమరంగు పొడి ఆపుతుంది.

ఆమే ఇంకోటి చెప్పింది, వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళో బొల్లి మచ్చలకి బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టేవాళ్ళట, కొందరికి బొబ్బలెక్కేవట. అది వేరే దారి లైటు వైద్యం. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది, దాని మీద అల్ట్రావయొలెట్‌లో 'ఎ' రకం (యూవీఏ) పడితే చర్మం గట్టిగా స్పందిస్తుంది, ఆసుపత్రుల్లో దాన్నే మోతాదు కట్టి పూవా పేరుతో 1970ల నుంచి సోరియాసిస్‌కీ బొల్లికీ వాడారు, ఇప్పుడు ఎక్కువగా మందు అక్కర్లేని 311 నానోమీటర్ల న్యారోబ్యాండ్ యూవీబీ. ఆ ట్యూబులు ఆన్‌లైన్లో దొరుకుతాయి, దయచేసి నా లాగ్ చూసి అది కట్టొద్దు, అక్కడ నిమిషాల తేడాతో కాలుతుంది.

ఇప్పటి పరిస్థితి

వదిన మాట: మొటిమ వచ్చినా ఎరుపు తొందరగా దిగుతోంది. నా ఫోటోలు: దవడ ఎరుపులో కొంచెం తేడా, అది కూడా ఆమె ఈ మధ్య మొదలుపెట్టిన పూతమందుది కావచ్చు. కళ్ళ పక్క గీతలు ఎక్కడివక్కడే. కుడిచెయ్యికీ ఎడమచెయ్యికీ తేడా అన్నకి కనపడుతోంది, నాకు కనపడట్లేదు, ఏ చెయ్యో చెప్పకుండా ఫోటోలు చూపిస్తే అన్నకి కూడా కనపడలేదు. మీసాలు రాలేదు.

మిగిలిన పని: అంచుల్లో తగ్గిపోతున్న వెలుతురు కోసం బయటి వరస లెన్సులు తీసేసి లోపలికి వంచిన రెండు రెక్కలు పెట్టాలి, తర్వాత మొహం ఆకారంలో అట్ట బొమ్మ చేసి నుదురు, బుగ్గలు, గడ్డం దగ్గర డయోడ్‌తో మళ్ళీ మొత్తం కొలవాలి. పక్కన పెట్టిన 630 ఎల్ఈడీలు ఆ రెక్కల్లోకి వెళ్తాయి. ఫ్యాను కూడా మార్చాలి, కంప్లైంట్ వచ్చేసింది.